వేస్ట్ ఫోల్డర్‌లో డానియల్

యోహాను కాక మా స్టూడియోకు మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. వచ్చాడు కానీ లోపలికి రాలేదు. చిట్యాలలో హైవే పక్కన గోపయ్య సారుది చిన్న ఫోటో స్టూడియో. కింది మెట్టు దగ్గరే చెప్పులు విడిచి, తలకు చుట్టిన రుమాలు తీసి భుజాన వేసుకుని, అద్దాల తలుపులోంచి లోపలికి చూస్తూ నిలబడ్డాడు. పత్తి మిల్లులో హమాలీ పని చేసి వచ్చాడేమో, కనుబొమ్మల మీద కూడా దూది ఉంది.

"గోపయ్య సారున్నడా బిడ్డా?"

"లేడు కాకా. కంటి ఆపరేషనయింది, ఇంటికాడ పండుకున్నడు. ఏం గావాలె?"

"ఫోటో గావాలె."

"రా, కూసో. దింపుతా."

"నాది గాదు. మా అన్నది."

"మరి అన్నను తోల్కరాకపోయినవ్?"

"అన్న సచ్చిపోయి పదిహేడేండ్లాయె."

ఆయన నవ్వాడు. నా మొహం చూసి జాలిపడి నవ్వినట్టు అనిపించింది. అప్పుడు లోపలికి వచ్చి కూర్చున్నాడు.

నేను నల్లగొండలో ఇంజినీరింగు రెండో ఏడాదిలో వదిలేసి వచ్చినవాణ్ని. ఎందుకు వదిలేశావని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేవాణ్ని. ఉన్న మాట చెప్పాలంటే నాకు ఒక్క చోట కూర్చోవడం చేతకాదు. అలాంటివాణ్ని పొద్దంతా కుర్చీలో కూర్చుని ఫోటోల్లో మనుషుల మొహాల మీద మొటిమలు తుడిచే పనిలో పడ్డాను. ఇవాళ కాకపోతే రేపు మానేస్తాననుకుంటూనే ఏళ్లు గడిచాయి. ఇప్పుడా స్టూడియో జాగాలో టిఫిన్ సెంటర్ ఉంది. నేను పెండ్లిళ్లలో డ్రోను ఎగరేస్తున్నాను. అటువైపు పోయినప్పుడల్లా ఇడ్లీ వాసనలో ఆ పాత కంప్యూటరు వేడెక్కిన వాసన వెతుక్కుంటాను.

మా వైపు పెండ్లి కుదిరిందంటే లగ్గం పత్రికకన్నా ముందు ఫ్లెక్సీ మాట వస్తుంది. పిల్లా పిలగాడు నడుమ, మేనమామలు, చిన్నమ్మలు, దోస్తులు చుట్టూ. అన్నిటికన్నా పైన, మబ్బుల్లో, గుండ్రటి చట్రాలలో పోయినవాళ్లు. ఆ గుండ్రాలు ఖాళీగా ఉంటే పెండ్లి జరగదని ఎవరూ అనరు కానీ, ఫలానా పెద్దమనిషి ఫోటో లేదేంటని వాడకట్టు మొత్తం అడుగుతుంది. యోహాను కాకకు కావలసింది ఆ గుండ్రంలోకి ఒక మొహం. తన అన్న డానియల్ బిడ్డ ఎస్తేరు పెండ్లి. పిల్లను కన్నప్పుడే తల్లి పోయింది. నాలుగేండ్లకు డానియల్ ఒక పెండ్లిలో డప్పు కొట్టి వస్తూ హైవే దాటబోయి లారీ కింద పడ్డాడు. ఎస్తేరును పెంచింది యోహాను కాక, ఆయన భార్య జంగమ్మ.

"పిల్ల ఏమంటదో ఎరికేనా?" అన్నాడు కాక. "నాయిన ఫోటో లేకుంటే ఫ్లెక్సీయే వద్దంటాంది. ఫ్లెక్సీ వద్దంటే నాకేం ఫికర్ లేదు. కానీ అది అడిగిందేంది? ‘చిన్నాయినా, నాయిన మొకం ఎట్లుంటుండె?’ అని. పెండ్లి కుదిరినంక అడగవట్టె. నేనేం జెప్పాలె? ముక్కు గిట్లుంటది, మూతి గిట్లుంటదని జెప్తే మొకం అయితదా?"

జేబులోంచి ఓటరు కార్డు తీసి ఇచ్చాడు. నలుపు తెలుపుల పాత కార్డు. పేరు సరిగ్గానే ఉంది. ఫోటోలో మాత్రం బొగ్గు పొడి మీద ఎవరో బొటనవేలు అదిమినట్టుంది. స్కాన్ చేసి పెద్దది చేస్తే చుక్కలు పెద్దవయ్యాయి తప్ప మనిషి రాలేదు.

"ఇంకోటి లేదా కాకా? లగ్గం ఫోటోలు?"

"ఇల్లు కూలినప్పుడు వానల నానిపోయినయి."

"మరి యాడ్నుంచి తేవాలె?"

ఆయన నా వెనక షెల్ఫు వైపు చూశాడు. దాని నిండా గోపయ్య సారు హార్డ్ డిస్కులు, సీడీల కట్టలు.

"మీ సారు కెమెరా పట్టుకున్న పెండ్లిలన్నిట్ల డప్పు మాదే. నేనూ మా అన్న. గీ చుట్టుపక్కల ఏ పెండ్లన్న తియ్యి, అండ్ల మేమున్నం. జర ఎతుకు బిడ్డా."

నేను గోపయ్య సారుకు ఫోన్ చేశాను. కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని విసుగ్గా ఉన్నాడు. "డప్పులోళ్లను మనమెందుకు దింపుతంరా? పక్కకు జరగుండ్రి, జరగుండ్రి అనుడే మన పని. ఉత్తగ ఎతికి పరేషాన్ గాకు" అని పెట్టేశాడు.

అయినా వెతకడం మొదలుపెట్టాం. మిల్లులో షిఫ్టు అయిపోగానే మధ్యాహ్నాలు వచ్చి కాక నా పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. మా కంప్యూటరులో ఫోటోలు చూసే ప్రోగ్రాం ఒకటుండేది, పాతది, ఏ హంగూ లేనిది. ఫోల్డర్‌లో ఒక ఫోటో తెరిస్తే చాలు, బాణం గుర్తు మీట నొక్కుతూ పోతే ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి. మౌస్ చక్రం తిప్పితే పెద్దదయ్యేది, పట్టుకుని లాగితే మూల మూలా కనిపించేది. నేను నాలుగు రోజులు నొక్కి విసిగిపోయి మీట కాక చేతికి అప్పజెప్పాను.

"నేను నొక్కితే కరాబ్ గాదుగద?"

"కాదు కాకా. ఇది ముందుకు. ఇది ఎనుకకు. గంతే."

ముందు భయంగా తాకాడు. కాసేపటికి అలవాటైంది. చూపుడు వేలితో కాదు, మణికట్టుతో కొట్టేవాడు. టక్. ఒక ఫోటో. టక్. ఇంకో ఫోటో. పొద్దుగూకేసరికి ఆ టకటకలకు ఒక నడక వచ్చింది. పక్క జిరాక్సు షాపు నాగరాణక్క గోడవతల నుంచి అరిచేది: "గిరీ! కంప్యూటర్‌ల కూడ డప్పు మోగుతాందా ఏందిరా?"

నేను ఫోటోలు చూసేవాణ్ని, ఆయన పెండ్లిళ్లు చూసేవాడు. తెర మీద పెండ్లికూతురు తలంబ్రాలు పోస్తుంటే ఆయన చెప్పేది ఇంకేదో ఉండేది. "గీ లగ్గానికి వానొచ్చింది. డప్పులు మెత్తవడితే వంటల పొయ్యి కాడికి పోయి కాచుకున్నం. వంటమనిషి గరిటె తీసుకుని ఎంటవడ్డది." ఇంకో ఫోటో. "ఎదురుకోళ్లకాడ రెండు దిక్కులోళ్లు కొట్లాడుకున్నరు. కొట్లాట ఆపమని మా అన్నను బతిమిలాడిన్రు. అన్న ఏం జేసిండో ఎరికేనా? దెబ్బ మార్చిండు. కాళ్లు ఆడేటి దెబ్బ ఏసిండు. కొట్లాడేటోళ్లు ఎగరవట్టిన్రు!" చెబుతూ తొడ మీద చేత్తో ఆ దెబ్బ వేసి చూపేవాడు. నా కాలు కూడా ఆడేది. నాకు ఊహ తెలిసేసరికి మా ఊళ్లో పెండ్లంటే డీజే డబ్బాలే. పెండ్లికి ముందు మైలపోలు స్నానాల రోజు పొద్దున్నే ఊరవతల నుంచి డప్పు వినపడితే ఇండ్లలో ఆడవాళ్లు చేస్తున్న పని వదిలి గడపలోకి వచ్చేవారని ఆయన చెబితేనే తెలిసింది. చూడనిదాని కోసం కూడా మనసు గుంజుతుందని అప్పుడే తెలిసింది.

కానీ డానియల్ మాత్రం దొరకలేదు. దొరికేది ఏమిటంటే, ఫోటో అంచున ఒక మోచెయ్యి. పెండ్లికొడుకు తలపాగా వెనక సగం డప్పు. ఎవరిదో భుజం, ఎవరిదో కాలు. ఆల్బంలో పెట్టడానికి గోపయ్య సారు, తర్వాత నేను చేసినట్టే, అంచులు కోసి కోసి మిగిల్చినవి అవి.

"గీ మోచెయ్యి నాది" అనేవాడు కాక.

"మోచెయ్యి సూసి ఎట్ల జెప్తవ్ కాకా?"

"నా మోచెయ్యి నాకు ఎరికుండదారా!"

ఒకరోజు ఆయన మీట మీద నుంచి చెయ్యి తీసేశాడు. "ఇడిసిపెడదాం బిడ్డా. పెండ్లి దగ్గరవడ్డది. ఫ్లెక్సీల శిలువ బొమ్మ ఏస్తే అయిపాయె. పిల్లకు నేనే ఏదో ఒకటి జెప్త." లేచి నిలబడ్డాడు కానీ పోలేదు, రుమాలు చేతిలో మెలిపెడుతూ అక్కడే ఉన్నాడు. నాకు చిరాకు వేసింది. ఆయన మీద కాదు, ఆ డిస్కుల మీద. ఇన్ని వేల ఫోటోల్లో పులిహోర గిన్నె ఉంది, టెంటు గుంజ ఉంది, కుక్క ఉంది. మనిషి లేడు.

అప్పుడు తట్టింది వేస్ట్ ఫోల్డర్ సంగతి.

గోపయ్య సారుకు ఒక పట్టింపు ఉండేది. పెండ్లి ఫోటో ఎంత చెడిపోయినా చెరపడు. కళ్లు మూసుకున్నవి, తలలు తెగినవి, చీకటిగా వచ్చినవి అన్నీ వేస్ట్ అనే ఫోల్డర్‌లో వేసి దాచేవాడు. "పెండ్లి ఫోటో చెరిపితే రేపు ఆ సంసారానికి ఏమన్నయితే మన మీదికొస్తదిరా" అనేవాడు. డిస్కు నిండిపోతోందని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నా కొత్త డిస్కు కొన్నాడు తప్ప ఒక్క ఫోటో చెరపనివ్వలేదు. ఆ ఫోల్డర్లు ఎవరూ తెరిచేవారు కాదు. తెరిచినా చూడడానికి ఏముంటుంది, నల్లటి గడులు తప్ప.

"కూసో కాకా, ఒక్కటి సూద్దాం."

డానియల్ చనిపోయిన ఏడాది ఎండాకాలం పెండ్లిళ్ల డిస్కు తీశాను. ప్రతి వేస్ట్ ఫోల్డర్‌లో మొదట నాలుగైదు నల్ల ఫోటోలు ఉన్నాయి. ఎందుకో కాసేపటికి అర్థమైంది. బరాత్ ఊరేగింపు మొదలవకముందు సారు కెమెరా సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ఊరికే నొక్కేవాడు. ఫ్లాషు ఇంకా వెలిగేది కాదు. పెండ్లికొడుకు అప్పటికింకా గుర్రం ఎక్కి ఉండడు. ఆ సమయానికి వీధిలో తయారుగా ఉండేవాళ్లు ఎవరు?

ఒక నల్ల ఫోటో తెరిచాను. అడ్డంగా పడి ఉంది. నేను తిప్పేలోపే కాక తల పక్కకు వంచాడు. "ఆగు కాకా, మెడ ఇరుగుతది" అని ఫోటోనే నిలబెట్టాను. వెలుతురు పెంచే గీత మీద మౌస్ పెట్టి మెల్లగా జరిపాను. నలుపు బూడిదయింది. ముందు ఒక గోడ వచ్చింది. తర్వాత ట్రాక్టరు చక్రం. కింద ఎర్రగా ఏదో మసక. ఇంకా జరిపాను. ఎరుపు మంటయింది. గడ్డి మంట. మంట మీదకు వంగి, డప్పు కాచుకుంటూ, చొక్కా లేకుండా ఒక మనిషి. మొహం మీద మంట వెలుగు.

కాకను ఎవరని అడిగే ధైర్యం నాకు లేదు. పెద్దది చేశాను. ఫోటో నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు, కానీ ముక్కు ముక్కులాగే ఉంది, కళ్లు కిందికి ఉన్నాయి. పెదవి కొరుక్కుంటూ నవ్వు ఆపుకుంటున్నట్టు ఉన్నాడు.

"సిర్ర ఏ చెయ్యిల ఉన్నది?" అన్నాడు కాక. డప్పును గట్టిగా కొట్టే లావు పుల్లను సిర్ర అంటారు.

"ఎడమ చెయ్యిల."

"మా అన్నది ఎడం చెయ్యే" అన్నాడు. నేను బయటికి పోయి రెండు చాయ్ తెచ్చాను. వచ్చేసరికి ఆయన తెరకు బాగా దగ్గరగా కూర్చుని, డప్పు మీద మంట ఎంత పడుతోందో చూస్తున్నాడు. "ఇంక జర కాగాలె" అన్నాడు, నాతో కాదు.

పని అయిపోయిందనుకున్నాను. కాలేదు. చాయ్ తాగాక కాక అడిగాడు: "దీనికి కోటు తొడుగుతవా?"

మా దగ్గర కోటు ఒకటి ఉండేది, తల లేని నీలం కోటు, ఎర్ర టై. చిట్యాల మండలంలో పోయిన పెద్దమనుషులందరికీ అదే కోటు. గొర్లు కాసినవాళ్లకూ అదే, బండి తోలినవాళ్లకూ అదే.

"ఎందుకు కాకా? ఇది మస్తుంది గద."

"పిలగానోళ్లు కేతేపల్లోళ్లు. ఇంటినిండ నౌకరీలోళ్లు. డప్పు కొట్టేటోళ్ల పిల్ల అని వాళ్లకు ఎరికే, అయినా చేసుకుంటున్నరు. గట్లని అంగి లేకుంట, మంటకాడ గూసున్నోన్ని ఫ్లెక్సీల పెడితే పిల్లను సులకన జూడరా?"

తొడిగాను. మొహం తెల్లగా చేశాను, చుక్కలు తుడిచాను, కళ్లు పైకి చూసేలా వేరేవాళ్ల కళ్లు అతికించాను. నా పనితనం నాకే ముచ్చటేసింది. కాక అటూ ఇటూ జరిగి చూశాడు.

"మంచిగున్నడు" అన్నాడు. మళ్లీ తెర మీదికి వంగి, "కానీ గీయన నన్ను గుర్తువడ్తలేడు బిడ్డా" అన్నాడు.

మర్నాడు ఎస్తేరును తోలుకొచ్చాడు. నల్లగొండలో ఒక దవాఖానలో నర్సు. డ్యూటీ నుంచి నేరుగా బస్సు ఎక్కి వచ్చింది, సంచిలో తెల్లకోటు కనపడుతోంది. వెంట జంగమ్మ. ముందు కోటు బొమ్మ చూపించాం. ఎస్తేరు దూరపు చుట్టాన్ని చూసినట్టు చూసింది.

"బాగుంది" అంది మర్యాదగా.

"అసలుది సూపియ్యి" అంది జంగమ్మ. "గీ కోటాయన మా బావనా? మా బావ గింత తెల్లగుంటే నేను ఆయన్నే చేసుకుందును."

"నోరు మూసుకో!" అన్నాడు కాక, కానీ నవ్వు ఆగలేదు.

అసలు ఫోటో తెరిచి వెలుతురు పెంచాను. ఎస్తేరు ముందుకు వంగింది. నా అలవాటు కొద్దీ మొహం దగ్గర ఇంకొంచెం పెంచబోయాను.

"అన్నా, గంత వద్దు. జర తగ్గియ్యి."

"తగ్గిస్తే నల్లగ పడ్తడు చెల్లె."

"నేను ఎట్లున్న? నాయిన గట్లనే ఉంటడు గద."

తగ్గించాను. మొహం మళ్లీ మంట రంగులోకి వచ్చింది. ఆమె చాలాసేపు చూసి, "ఇంకోటి లేదా?" అని అడిగింది.

అప్పటివరకు ఆ సంగతే నాకు తట్టలేదు. దొరికిన సంబరంలో పక్క ఫోటోలు చూడనేలేదు. ఆ వరుసలో మిగతా నల్లవాటినీ నిలబెట్టి, అన్నిటికీ ఒకే కొలతలో వెలుతురు పెంచి పెట్టాను. ఎస్తేరు మీట నొక్కింది. రెండోదాంట్లో డానియల్ లేచి నిలబడ్డాడు, డప్పు భుజానికి వేసుకున్నాడు. మూడోదాంట్లో ఎడమ చెయ్యి పైకి లేచి ఉంది. నాలుగోదాంట్లో చెయ్యి డప్పు మీద ఉంది. సారు ఆగకుండా వెంటవెంటనే నొక్కినవి అవి. డప్పు కాగిందో లేదో డానియల్ కొట్టి చూసుకుంటున్నాడు.

ఎస్తేరు ముందుకు నొక్కింది. వెనక్కి నొక్కింది. ముందుకు. వెనక్కి. చెయ్యి లేచింది, పడింది. లేచింది, పడింది. ఆమెకు ఆగాలని లేదు. పిల్లదాని వేలు కింద డానియల్ డప్పు కొడుతున్నాడు. చప్పుడు లేదు. కాక పెదవులు కదిలాయి, ముందు గొణుగుడుగా, తర్వాత పైకే ఆ దెబ్బ నోటితో వెయ్యడం మొదలుపెట్టాడు. ఆమె వేలు ఆయన నోటి వెంట నడిచింది. జంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గోడవతల నుంచి నాగరాణక్క అరవలేదు. లేచి వచ్చి మా తలుపు దగ్గర నిలబడింది.

ఎంతసేపటికో ఎస్తేరు వేలు ఆగింది, చెయ్యి పైన ఉన్న ఫోటో మీద.

"ఇదే ఎయ్యి అన్నా."

"ఇండ్ల చెయ్యి మసకవడ్డది చెల్లె, కదిలిపోయింది. ఫ్లెక్సీ మీద పెద్దగైతే ఇంక చెదురుతది. మొదటిది సాఫ్ ఉన్నది, అది తీసుకో."

"కదిలితే కదలనీ."

"అంగి..." అన్నాడు కాక.

"వద్దు చిన్నాయినా. మంట కూడ ఉండనీ."

కాక ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియదు. ఎదురు మాత్రం చెప్పలేదు. గుండ్రటి చట్రంలో పెడితే చెయ్యి తెగుతోందని ఆ ఒక్క ఫోటోకు చట్రం తీసేశాను. మబ్బులు కూడా తీసేశాను, మంట పొగ ఉండగా మబ్బులెందుకని.

లగ్గం రోజు చర్చి గేటు పక్కన ఫ్లెక్సీ కట్టారు. నేను కెమెరా పట్టుకుని అక్కడే ఉన్నాను. కేతేపల్లి నుంచి వ్యాన్లు దిగాయి. పిలగాని మేనమామ ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలో వచ్చి ఫ్లెక్సీ ముందు ఆగాడు. కింద పేర్లన్నీ చదివి, పైకి చూసి, కళ్లద్దాలు సర్దుకున్నాడు. యోహాను కాక కొత్త అంగిలో ఆయన పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

"ఈయన పిల్ల తండ్రా?"

"అవును బావా. మా అన్న."

"మంచి అంగి తొడిగిన ఫోటో ఒక్కటి దొరకలేదా?"

ఒక్క క్షణం కాక నా వైపు చూశాడు. తర్వాత మేనమామ వైపు తిరిగాడు.

"అండ్ల మా అన్న పనిల ఉన్నడు బావా."

మేనమామ మళ్లీ చూశాడు. ఈసారి ఎక్కువసేపు చూశాడు. గాలికి ఫ్లెక్సీ ఊగింది.

"చెయ్యి గిట్ల గాల్ల లేసింది, ఎప్పుడు పడ్తదో అన్నట్టున్నది" అన్నాడు మెల్లగా. "మా తాత కూడ కొట్టేటోడు. మా ఇంట్ల ఆయన ఫోటో లేదు."

లోపల పాస్టరు గారు పిలుస్తున్నారు. పిల్లను నడిపించుకుని రావలసింది తండ్రి. యోహాను కాక రుమాలుతో మొహం తుడుచుకుని, ఎస్తేరు దగ్గరికి నడిచి, తన మోచెయ్యి చాపాడు. ఆమె పట్టుకుంది. నేను ముందుకు పరుగెత్తి, ఇద్దరూ నిండుగా వచ్చేటట్టు కెమెరా ఎత్తాను.